జేజూ దీవి కమలా తోటలు: అమెరికా పండు మీద సుంకం సున్నా అయింది, ఇప్పుడు రైతు సంగతేంటి?

హల్లా_నీడ
నాలుగేళ్ళ నుంచి సోగ్విపోలో ఉంటున్నా. కొరియాలో జేజూ దీవికి దక్షిణం వైపు ఊరు. ఎటు చూసినా నల్లరాతి గోడలు, గోడల మధ్య కమలా తోటలు. నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి. ఆరుబయట తోట కొంచెం ఉంది, ప్లాస్టిక్ షెడ్డు కింద హల్లాబోంగ్ అనే ఖరీదైన కమలా రకం చెట్లు ఇంకొంచెం.

నిన్న సాయంత్రం పిలిచి బల్ల మీద రెండు పళ్ళు పెట్టింది. ఒకటి తన తోటది, ఇంకోటి సూపర్‌మార్కెట్లో కొన్న అమెరికా కమలా. రెండూ తిని ఏది బాగుందో చెప్పమంది. మీదే బాగుందన్నా. అబద్ధం. ఆవిడకీ తెలిసిపోయింది, చెయ్యి విసిరి ఇంకో తొన నా ముందుకు తోసింది.

విషయం ఏంటంటే, ఈ 2026 జనవరి నుంచి అమెరికా కమలా మీద ఇక్కడ సుంకం సున్నా. 2012లో అమెరికా, కొరియాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు 144 శాతం నుంచి మొదలుపెట్టి ఏటా తొమ్మిదిన్నర చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. ఫలానా ఏడాది వరద వస్తుందని 15 ఏళ్ళ ముందే తెలిసిన ఊరు ఇది. మరి ఆ 15 ఏళ్ళూ ఏం చేశారు? ఇక్కడ ఒకరినడిగితే అన్నీ చేశామంటారు, ఇంకొకరు ఏమీ చేయలేదంటారు. తోటలు ఉన్నవాళ్ళు, ఎగుమతి దిగుమతులు తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, మీరేమంటారు?

పచ్చిమిర్చి
అవన్నీ తర్వాత. ఏది బాగుందో నిజం చెప్పు ముందు.

హల్లా_నీడ
తీపి అమెరికాదే. గింజ లేదు, తొక్క ఇట్టే వచ్చేసింది. కానీ ఆవిడ కాయ వలిస్తే గదంతా వాసన. మర్నాడు పొద్దున కూడా చేతికి ఉంది.

శాక్రమెంటో_శ్రీను
మా ఇంట్లో పిల్లలు డబ్బాలో రోజుకి అరడజను ఆ చిన్న కమలాలే పట్టుకుపోతారు. వాసన ఉందా లేదా అని ఎవడు చూస్తాడు బాబూ, వలవడం తేలిగ్గా ఉంటే చాలు. ఇక్కడి తోటలు నేను చూశాను, హైవే మీద అరగంట పోయినా తెగవు. నీ ఓనరమ్మ తోట మొత్తం కలిపితే వీళ్ళకి ఒక మూల కూడా కాదు. ధరలో పోటీ పడదామనుకుంటే మాత్రం మర్చిపోమను.

సుంకాల_సూరి
దిగుమతి కాగితాల పనే నాది, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

సుంకం సున్నా అయింది అనగానే జనం 2026 ఒక్కటే చూస్తారు. అసలు కథ నెలల్లో ఉంది. ఆ ఒప్పందంలో ఆరెంజికి, అంటే మన బత్తాయిలాగా తొక్క అతుక్కుని ఉండే రకానికి, ఒక లెక్క పెట్టారు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా 50 శాతం సుంకం అలాగే ఉంటుంది. కొద్దిపాటి కోటా మాత్రం సుంకం లేకుండా వదిలారు, మొదటి ఏడాది 2,500 టన్నులు. మార్చి నుంచి ఆగస్టు దాకా వచ్చే సరుకుకి మాత్రం మొదటి రోజే 30కి దించి, 2018 నాటికి సున్నా చేశారు.

ఎందుకలా? జేజూలో ఆరుబయట పండే మామూలు కమలా అక్టోబర్ నుంచి జనవరి దాకా వస్తుంది. ఆ నెలల్లో గొడుగు పడితే రైతు బతుకుతాడని లెక్క. 2006లో ఒప్పందం మీద నాలుగో విడత చర్చలు జేజూలోనే, ఇదే సోగ్విపో పక్కన జుంగ్మున్‌లో జరిగాయి. రైతులు పెద్దఎత్తున రోడ్డెక్కారు. బియ్యంలాగే కమలాని కూడా ఒప్పందం నుంచి మొత్తంగా తప్పించండి అని. చివరికి బియ్యాన్ని తప్పించారు, కమలాని మాత్రం తప్పించలేదు. ఆరెంజికి ఈ నెలల లెక్క, కమలాకి ఈ 15 ఏళ్ళ గడువు దక్కాయి.

ఇప్పుడు హల్లా_నీడ గారు చెప్పాలి. ఆవిడ షెడ్డులో హల్లాబోంగ్ ఎప్పుడు కోస్తారు?

హల్లా_నీడ
కాయ మీద పులుపు దిగేదాకా ఆగుతుంది. ఫిబ్రవరి. ఒక్కోసారి మార్చి.

సుంకాల_సూరి
అదీ! గొడుగు పట్టింది జనవరి దాకా వచ్చే కాయకి. రైతేమో పోటీ తట్టుకోవాలని ఖరీదైన రకాలకి మారాడు, అవి చాలావరకు ఫిబ్రవరి మార్చిల్లో కోతకొస్తాయి. దిగుమతిదారులు మార్చి 1 కోసం కాచుక్కూర్చుంటారు, ఆ రోజు ఓడల్లోంచి ఆరెంజి దిగుతుంది. ఇప్పుడు కాలిఫోర్నియా కమలా కూడా సుంకం లేకుండా అదే నెలల్లోకి వచ్చి పడింది. వాన నుంచి తప్పించుకుని చూరు కింద నిలబడ్డాడు, చూరు నీళ్ళన్నీ వాడి నెత్తినే.

చీనీ_చెట్టు
సూరి గారూ, నెలల ముచ్చట బాగా చెప్పినారు. మాది అనంతపురం వైపు, నాయన చీనీ (బత్తాయి) తోట పెట్టినాడు, నేను కార్ల ఫ్యాక్టరీకి సామాన్లు చేసే కంపెనీలో పని. కంపెనీ ట్రైనింగుకని కొరియా పంపితే ఆఖరి రెండు రోజులు జేజూ పోయినాము. సెప్టెంబరు నెల. బస్సులోంచి చూస్తే చెట్ల కింద తెల్లగా మంచు పడినట్టుంది. సెప్టెంబర్లో మంచేంది సామీ అనుకున్నా. దిగి చూస్తే ఏదో తెల్ల గుడ్డ మాదిరి పరిచినారు, తోట మొత్తం. అదేంది, ఎందుకు?

హల్లా_నీడ
పోటీకి ఇక్కడివాళ్ళు సిద్ధపడటంలో అది పెద్ద ముక్క. గుడ్డ కాదు, టైవెక్ అని ఒక షీటు. నేలలోంచి ఆవిరి పైకి పోతుంది, పైనుంచి వాన మాత్రం లోపలికి దిగదు. వేసవి చివర్లో ఇక్కడ వానలు ఎక్కువ, వేర్లు నీళ్ళు తాగేస్తే కాయ చప్పబడిపోతుంది. షీటు వేస్తే చెట్టుకి కొంచెం దాహం పుడుతుంది, తీపి పెరుగుతుంది. తెల్లగా ఉంటుంది కాబట్టి ఎండ కింద నుంచి కూడా కాయ మీద పడి రంగు బాగా వస్తుంది.

చీనీ_చెట్టు
ఓహో, బెట్ట పెట్టడమే కదా! మేం పూత కోసం తోటకి నీళ్ళు ఆపి ఎండగడతాం, ఆకు వాడు మొహం పడేదాకా. వాళ్ళు తీపి కోసం ఎండగడతా ఉన్నారు. మాకు వానే లేక బెట్ట, వాళ్ళకి వాన ఎక్కువై గుడ్డ కప్పి మరీ బెట్ట. దేవుడి లెక్కలు.

గూడూరు_నిమ్మ
ఆ షీటు ఖర్చెంత, ఎన్నేళ్ళు వస్తుంది? గాలికి లేవదా?

హల్లా_నీడ
గాలి ఇక్కడ మామూలుగా ఉండదు, రాళ్ళు, గాలి, ఆడవాళ్ళు ఎక్కువ ఉన్న దీవి అని సామెతే ఉంది. అంచుల మీద రాళ్ళు పేరుస్తారు, రాళ్ళకేం కొదవలేదు. జాగ్రత్తగా తీసి చుట్టి దాస్తే రెండు మూడేళ్ళు వస్తుందట. సబ్సిడీ ఉంది. అయినా మా ఓనరమ్మ వేయదు. నడుం వంగి పరవాలి, కోత అయ్యాక తీసి చుట్టాలి. మనుషులు దొరకరు, కొడుకు సియోల్లో ఉద్యోగం.

ఎదురుగాలి
ఇదిగో ఇక్కడే నాకు మండుతుంది. షీటు, సబ్సిడీ, నాణ్యత అని ఉపన్యాసాలు ఎవరికి పనికొచ్చాయి? నడుం వంగేవాడికి. కుర్రాళ్ళు ఉన్నవాడికి, అప్పు పుట్టినవాడికి. ప్రభుత్వం "పోటీకి సిద్ధమవ్వండి" అంటుంది, దాని అర్థం "మీలో సగం మంది తప్పుకోండి" అని. ఏ దేశమైనా ఇదే పాట.

సియోల్_సుబ్బు
ఎదురుగాలి గారు మళ్ళీ మొదలెట్టారు. తప్పుకోమని అనలేదండీ, చెట్లు తగ్గించమన్నారు. రెండూ ఒకటి కాదు.

2002లో ఏమైందో ఇక్కడ పెద్దవాళ్ళని అడగండి. దీవి మొత్తం మీద దిగుబడి 7 లక్షల టన్నులు దాటింది. ధర పడిపోయి కోత కూలి కూడా రాలేదు. అప్పటికి అమెరికా కమలా రాలేదు, ఒప్పందమూ లేదు. సొంత పంటే సొంత రైతుని ముంచింది. ఆ దెబ్బతో తోటలు తీసేసినవాడికి డబ్బులిచ్చారు, ఉన్న తోటల్లో చెట్టు వదిలి చెట్టు కొట్టించారు. ఒకప్పుడు 25 వేల హెక్టార్లు ఉన్నది ఇప్పుడు 20 వేలకి దగ్గర్లో ఉంది. మిగిలిన చెట్టుకి ఎండ, గాలి ఆడి కాయ బాగుపడింది, మధ్యలో బండి తిరగడానికి దారి కూడా వచ్చింది.

గూడూరు_నిమ్మ
కాపుకొచ్చిన చెట్టుని రైతు చేతే కొట్టించారా? మా నాన్నకి చెబితే ముందు నన్ను కొడతాడు.

సియోల్_సుబ్బు
మామూలు చెట్టు కూడా కాదు మరి. 70ల్లో ఆ చెట్టుని ఇక్కడ "కాలేజీ చెట్టు" అనేవాళ్ళు. ఇంట్లో నాలుగు చెట్లుంటే పిల్లాడి కాలేజీ చదువు గట్టెక్కేదని. మా ఆఫీసులో ఒక పెద్దాయన జేజూవాడే, "మా అక్క పేరున రెండు చెట్లు, నా పేరున మూడు, నేను మగపిల్లాడిని కదా" అని నవ్వుతూ చెప్తాడు. అక్క ఇప్పటికీ ఆ మాట మీద సాధిస్తుందట.

వంటింటి_వాణి
ఆ అక్కతో నేనున్నా.

పాతకాగితాలు
చెట్టు కొట్టడం అక్కడ కొత్తేమీ కాదులెండి. రాజుల కాలంలో జేజూ కమలా రాజుగారికి కప్పం. అధికారులు కాయ పిందెగా ఉన్నప్పుడే లెక్క రాసుకునేవాళ్ళు, గాలికి రాలినా ఆ లోటు ఇంటివాడే పూడ్చాలి. ఆ బాధ పడలేక రాత్రిపూట వేర్ల మొదట్లో మరిగే నీళ్ళు పోసి చెట్టుని చంపేసేవాళ్ళని చెబుతారు. అదే పండు సియోల్‌కి చేరితే మాత్రం పండగ, కమలాలు వచ్చిన సందర్భానికని పండితులకి ప్రత్యేకంగా పరీక్ష పెట్టి, రాసినవాళ్ళకి పళ్ళు పంచేవాళ్ళు.

ఇప్పుడు మీరంతా మాట్లాడుకునే రకం ఆ పాత చెట్టు కాదు. 1911లో తాకే అనే ఫ్రెంచి ఫాదర్ జేజూ చెర్రీ మొక్కల్ని జపాన్‌లో ఉన్న మిత్రుడికి పంపితే బదులుగా కమలా మొక్కలొచ్చాయి. తర్వాత 60లు, 70ల్లో జపాన్‌లో స్థిరపడ్డ జేజూవాళ్ళు లక్షల మొక్కలు సొంతూరికి పంపారు. అంటే విదేశీ పోటీ అని భయపడుతున్న ఈ పంట కూడా విదేశం నుంచి వచ్చిందే.

పచ్చిమిర్చి
పరీక్ష రాస్తే కమలాపండు ఇస్తారా! మాకు ప్యాడ్ మర్చిపోతే తన్నేవాళ్ళు.

నల్గొండ_బత్తాయి
సుబ్బు గారూ, చెట్లు తగ్గించడం సరే. కాయ ఏరడం సంగతి చెప్పండి. నాకు దాని మీదే ఆసక్తి.

సియోల్_సుబ్బు
అది ఇంకా గట్టి రూలు. దీవి ప్రభుత్వమే చట్టం చేసింది. మామూలు కమలా అడ్డుకొలత 49 మిల్లీమీటర్ల కంటే తక్కువున్నా, 70 దాటినా పండుగా అమ్మడానికి వీల్లేదు, రసం ఫ్యాక్టరీకి పోవాలి. అమ్మితే జరిమానా. చిన్న కాయ తియ్యగా ఉంటే అదేం పాపం చేసిందని రైతులు గోల పెట్టాక, 10 బ్రిక్స్ (తీపిని కొలిచే లెక్క) ఉంటే కొలత విషయంలో కొంత వదిలేలా తర్వాత సడలించారు. పచ్చికాయ కోసి గ్యాసు పెట్టి రంగు తెప్పించడం కూడా నిషేధం. సీజన్ మొదట్లో ముందే కోస్తున్నారేమోనని తోటల మీద డ్రోన్లు తిప్పుతారు.

నల్గొండ_బత్తాయి
డ్రోన్లా!! మాకు మందు కొట్టడానికే డ్రోన్ దొరకదు.

నా అనుభవం చెప్తా. మొన్న సీజన్లో నాలుగు టన్నులు తీసుకుపోయిన, మార్కెట్ పేరు చెప్పను. పొద్దుగాల ఐదింటికి కుప్ప పోసి, పెద్ద కాయ పైకి కనపడేటట్టు పెట్టిన, అందరు పెడతరు. కొనేటాయన వచ్చి చెయ్యి కుప్ప అడుగుదాకా దూర్చి మూడు కాయలు తీసిండు, మూడూ చిన్నవే. మూడు కాయలు చూసి నాలుగు టన్నుల ధర చెప్పిండు. పైగా టన్నుకి ఇంత అని తరుగు కోత. నేను పైన పెద్దకాయ పెట్టకుండా ఏరి తెచ్చి ఉంటే? అప్పుడు కూడా తరుగు కోసేటోడే. అందుకే ఎవ్వరం ఏరం. ఆడ ప్రభుత్వం రూలు పెట్టింది కాబట్టి అందరు ఏరిన్రు. ఒక్కడు ఏరితే వానికే నష్టం.

చీనీ_చెట్టు
మా దిక్కు దాన్ని "సూట్" అంటాం. పేరు మారింది, కత్తి అదే.

సుంకాల_సూరి
నల్గొండ గారి ఆఖరి మాట ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో అసలైనది. ఒక్కడు ఏరితే వాడికి నష్టం, అందరూ ఏరితే అందరికీ లాభం. దీవి కావడం జేజూకి అక్కడ కలిసొచ్చింది. కొరియాలో పండే కమలా దాదాపు మొత్తం అక్కడిదే, సరుకు బయటికి పోవాలంటే రేవు దాటాలి, ఏరారో లేదో రేవులో చూడొచ్చు. మన దగ్గర వంద దారులు, వంద చెక్‌పోస్టులు.

ఎదురుగాలి
సరే, ఏరారు. బాగుంది. ఇప్పుడు రకాల సంగతి మాట్లాడదాం, ఎవరూ ఎత్తట్లేదు. హల్లాబోంగ్ జేజూ గొప్ప అని బొమ్మలు పెట్టారు, తల మీద బుడిపె హల్లా కొండలా ఉందని పేరు పెట్టారు. పండు ఎవరిది? జపాన్‌ది. 1972లో నాగసాకిలో రెండు రకాలు కలిపి పుట్టించారు, అక్కడ దాన్ని డెకోపోన్ అని అమ్ముతారు, 13 బ్రిక్స్ తీపి లేకపోతే ఆ పేరు పెట్టనివ్వరు. జేజూకి 1990 ప్రాంతంలో వచ్చింది. రెడ్‌హ్యాంగ్, చోన్హ్యేహ్యాంగ్ కూడా జపాన్ రకాలకి కొత్త పేర్లే. 15 ఏళ్ళ గడువులో సొంత రకాల మీద పెట్టాల్సిన దృష్టి అరువు రకాలకి షెడ్లు కట్టడం మీద పెట్టారు. 2018లో ఏమైంది? మిహాయా, అసుమి అని రెండు జపాన్ రకాలు నాటారు. వాటిమీద జపాన్ సంస్థ కొరియాలో హక్కు కోరింది. కాయ రంగు తిరిగి కోతకొచ్చాక, అమ్మొచ్చా కూడదా అని రైతులు తల పట్టుకున్నారు. దీన్నేనా సిద్ధపడటం అంటారు?

శాక్రమెంటో_శ్రీను
ఇందులో ఇంకో మెలిక. ఆ బుడిపె పండే ఇక్కడ కాలిఫోర్నియాలో సుమో పేరుతో 2011 నుంచి అమ్ముతున్నారు. ఒక్కో కాయకీ స్టిక్కరు, దూదిలో పెట్టినంత జాగ్రత్త. మా ఆవిడ బంగారం కొన్నట్టు కొంటుంది. అంటే అదే జపాన్ బిడ్డ, ఒకడు జేజూలో, ఒకడు కాలిఫోర్నియాలో పెరిగి ఇప్పుడు ఒకే బల్ల మీద కొట్టుకుంటున్నారు.

వంటింటి_వాణి
తెలుగు సీరియల్‌కి కథ దొరికింది.

హల్లా_నీడ
ఎదురుగాలి గారు చెప్పింది నిజమే, కానీ సగమే. కొరియా 2002లో మొక్కల రకాల హక్కుల ఒప్పందంలో చేరింది, కమలా జాతికి మాత్రం 2012 నుంచే వర్తించింది. అందుకే అంతకుముందు వచ్చిన హల్లాబోంగ్ లాంటివాటికి ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. ఆ దారి మూసుకుపోయాక సొంత రకాల పని ఊపందుకుంది. ఇక్కడి పరిశోధన కేంద్రం పుట్టించిన హార్యే జోసెంగ్ అని ఒక త్వరగా కోతకొచ్చే రకం ఆరుబయట తోటల్లోకి బాగానే వెళ్ళింది. వింటర్ ప్రిన్స్ అని ఇంకోటి డిసెంబర్లోనే వస్తుంది. సూరి గారి నెలల లెక్క చూడండి, డిసెంబర్! ఆరెంజి మీద గొడుగు ఇంకా ఉన్న నెల.

కాకపోతే పాత చెట్టు మీద కొత్త అంటు కట్టి కాపుకి రావాలంటే రెండు మూడేళ్ళు ఆదాయం ఉండదు. కొత్త మొక్క నాటితే ఇంకా ఎక్కువ. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ లెక్క వేరుగా ఉంటుంది.

పాతకాగితాలు
ఒక పక్క ముచ్చట. కాపు ఎక్కువైన ఏడు ఏం చేయాలో తోచక 1998 నుంచి కొన్నేళ్ళపాటు ఉత్తర కొరియాకి ఉచితంగా ఓడల్లో కమలాలు పంపారు. పేరు స్నేహం, లోపల ధర నిలబెట్టుకోవడమూ ఉంది. 2018లో ఉత్తరాది నాయకుడు పుట్టగొడుగులు పంపితే, బదులుగా సైనిక విమానాల్లో 200 టన్నులు వెళ్ళాయి.

గూడూరు_నిమ్మ
మా నిమ్మ కూడా ఎవరైనా విమానంలో తీసుకుపోతే బాగుండు. ధర లేని రోజు బస్తా మార్కెట్లో వదిలేసి వచ్చేస్తాం.

సుంకాల_సూరి
ఇంకో చేదు సంగతి చెప్పి ఊరుకుంటా. 1990ల్లో ప్రపంచ వాణిజ్య ఒప్పందం కింద ఆరెంజి దిగుమతికి తలుపు తెరిచినప్పుడు, ఆ కోటా దిగుమతి బాధ్యత ఎవరికి ఇచ్చారో తెలుసా? జేజూ కమలా రైతుల సహకార సంఘానికి. శత్రువు సరుకుని రైతు సంఘమే తెప్పించి అమ్మి, వచ్చిన లాభం రైతుకి వాడాలని ఆలోచన. తెలివైన ఏర్పాటే అనిపిస్తుంది కాగితం మీద. అమెరికావాళ్ళేమో పోటీదారు చేతికే తాళం ఇచ్చారని గోల పెట్టారు.

ఎదురుగాలి
కోళ్ళ గూటికి నక్కని కాపలా పెడతారని విన్నా. నక్కల లెక్క కోడికి అప్పజెప్పడం ఇదే వినడం.

సియోల్_సుబ్బు
ఈసారి ఎదురుగాలి గారితో నేను నవ్వాను, రికార్డు కోసం.

నా మాట ఏంటంటే, వాళ్ళు చేయాల్సినవి చాలావరకు చేశారు. చెట్లు తగ్గించారు, కాయని చీల్చకుండానే తీపి కొలిచే మిషన్లు పెట్టారు. కాయ బెల్టు మీద పోతుంటే వెలుతురు పంపి తీపి చెప్పేస్తుంది, పెట్టె మీద అంకె పడుతుంది. నేను కొనేటప్పుడు ఆ అంకే చూస్తా. ఇవేవీ లేకపోతే ఆరెంజి సుంకం పోయిన 2018లోనే అయిపోయేది కథ. ఇప్పటికీ చలికాలం వస్తే ఇక్కడ ప్రతి ఇంట్లో వెచ్చటి నేల మీద కూర్చుని పెట్టెడు కమలాలు వలుచుకు తింటారు, వేళ్ళు పసుపు పచ్చబడేదాకా. ఆ అలవాటు కాలిఫోర్నియా పెట్టెలోకి ఎక్కలేదు ఇంకా.

శాక్రమెంటో_శ్రీను
అలవాటు మా పిల్లల్లాంటి పిల్లలు పెరిగేదాకానే సుబ్బన్నా. వాళ్ళకి నేల వెచ్చగా ఉందా అక్కర్లేదు, తొక్క తేలిగ్గా రావాలి.

నల్గొండ_బత్తాయి
ఎండల సంగతి ఎవరూ అనలే. కాయ పగలడం మాకు పెద్ద తలనొప్పి. ఆడ ఎట్లుంది?

హల్లా_నీడ
ఇక్కడా మొదలైంది. 2024 వేసవి రాత్రులు కూడా చల్లబడలేదు. రెడ్‌హ్యాంగ్ తొక్క పల్చన, లోపల కాయ ఉబ్బి అడ్డంగా చీలిపోయింది. మా పక్క షెడ్డాయన బక్కెట్లలో ఏరి గోడ పక్కన పోశాడు. రోజూ అటు నడిచి వెళ్తే పులిసిన వాసన. వేడి ఎక్కువై కమలా సాగు కొరియా ప్రధాన భూభాగంలోకి కూడా పాకుతోంది. అంటే పోటీ ఓడలో ఒక్కటే రాదు, సముద్రం అవతలి సొంత దేశం నుంచి కూడా.

చీనీ_చెట్టు
హైదరాబాదులో మా చెల్లెలింటికి పోతే పండ్ల షాపులో ఈజిప్టు ఆరెంజి అద్దంలా పేర్చినారు. పక్కనే మా చీనీ, బుట్టలో, మచ్చలతో. మా చెల్లెలు, మా నాయన తోటలో పెరిగిన మనిషి, ఆ ఈజిప్టుదే తీసింది. ఏందమ్మా అంటే "పిల్లలకి స్టిక్కరున్నదే కావాలంట అన్నా" అన్నది. నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇది చదివినాక కోపం ఎవరి మీద పడాలో తెలీడం లేదు.

హల్లా_నీడ గారూ, మీ ఓనరమ్మ చివరికి ఏం చేస్తుందంట?

హల్లా_నీడ
ఇవాళ పొద్దున అడిగా. షెడ్డు చూపించింది. మూల వరసలో ఎనిమిది చెట్లకి కొమ్మలు నరికి, కొత్త రకం అంటు కట్టించింది పోయిన వసంతంలోనే. తెల్ల టేపు చుట్టి ఉంది, చిగురు జానెడు వచ్చింది. మిగతావి? అంటే, "ఇవి కాయడం చూసి అప్పుడు" అంది. మరి ఎనిమిదే ఎందుకు అంటే, తొమ్మిదో చెట్టు పెళ్ళైన కొత్తలో మామగారు నాటిన పాత కమలా, షెడ్డు కట్టినప్పుడు దాన్ని తీయలేక దాని చుట్టూ కట్టారట. అది ఏ లెక్కలోకీ రాదు. కాయ పుల్లగా ఉంటుంది, 49 మిల్లీమీటర్లు కూడా ఉండదు.

చీనీ గురించి చెప్పా. మీరు నీళ్ళు ఆపి ఆకు వాడిస్తారంటే నమ్మలేదు. ఫోటో ఉందా అంది. ఉంటే పెట్టండి.

చీనీ_చెట్టు
ఎల్లుండి కోత ఉంది, తీసి పెడతా. ఏరినాక తీయాలా, ఏరకముందా?

హల్లా_నీడ
ఏరకముందే. ఆవిడే ఏరి చూపిస్తానంటోంది, ఫోన్లో.